ఇరవై నాలుగు పూలు

ధార సన్నబడుతోంది. సింగారి పొదుగును ఇంకోసారి అరచేత్తో నిమిరి, మిగిలిన చన్ను పట్టుకున్నాను. వెనక నుంచి అవ్వ చెయ్యి చాచి బకెట్టును తనవైపు వంచి చూసింది.

"ఆరు లీటర్లు. ఒక్క చుక్క ఎక్కువుంటే నన్నడుగు," అంది. "చూసేసింది."

ఎవరు చూసేశారని నేను అడగలేదు. మా ఇంట్లో ఆ మాటకు ఒక్క మనిషే ఉంది. రామక్కాళ్ పెద్దమ్మ.

పెద్దమ్మ మా నాయనకు వదిన. అవ్వ పెద్దకొడుకు, మా పెద్దనాన్న, మేట్టుపాళయం మండీకి కరివేపాకు మూటలు తీసుకుపోతూ దారిలో లారీ కింద పడి చనిపోయి పద్దెనిమిదేళ్లయింది. పిల్లలు లేరు. అదే వీధిలో మూడో ఇంట్లో ఒక్కతే ఉంటుంది. అమ్మకు మిల్లులో షిఫ్టు కాబట్టి నేను పెరిగింది పెద్దమ్మ చంకలోనే. నడక నేర్చుకున్నది ఆమె గడపలోనే.

పెద్దనాన్న పోయినప్పటి నుంచి అవ్వకు ఆమె కన్నంటే భయం. ఆ కన్ను మెచ్చుకున్నది ఏదీ నిలవదంటుంది. అది ఇన్నేళ్లూ గొణుగుడుగానే ఉండేది. ఎండాకాలం చివర, వైకాసి నెలలో సింగారి రెండో ఈత ఈనిన తరువాతే గొడవ పెద్దదయింది. ఒక పొద్దున ఒక్క పూటకే తొమ్మిది లీటర్లు ఇచ్చింది. అదే సమయానికి పెద్దమ్మ మజ్జిగ కోసం వచ్చి, బకెట్టు చూసి ముక్కు మీద వేలేసుకుంది.

"అబ్బ! ఏమి తల్లీ ఇది, అంచు దాకా నురగే!"

మరుసటి రోజు ఏడు లీటర్లు. ఆ మరుసటి రోజు ఆరున్నర. అవ్వ ఉప్పూ మిరపకాయలూ ఆవు చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. తరువాతి పొద్దున ఏడుంపావు. "చూస్తివా?" అని నాయన్ను పట్టుకుంది. "ఇంక దాన్ని గడప తొక్కనీయొద్దు. నువ్వే పోయి చెప్పు."

నాయన పోయి నేల చూస్తూ చెప్పాడు. పెద్దమ్మ "సరి మరిదీ" అని మాత్రం అంది. వారం తరువాత నేను కరివేపాకు ఇవ్వడానికి పోతే, ఇనప్పెట్టెలో చీరలు సర్దుకుంటూ కనిపించింది.

"మదురైకి పోతుండాను సామీ. మాట్టుతావణి బస్టాండు వెనక మా చెల్లెలి ఇల్లు. మేడమీద గది ఖాళీగా ఉందంట. ఆడి నెల దాటినాక, ఆవణి ఒకటో తేదీ మంచిదని చెప్పినారు."

"ఎందుకు పెద్దమ్మా?"

"ఇక్కడ కూర్చొని మూసిన తలుపు చూసేదానికా? అక్కడ నా కన్నుకు ఎవరూ భయపడేదిలే. చూసేదానికి ఆవులు లేవు, అన్నీ ఆటోలే. వాటికి దిష్టి తగిలితే మెకానిక్కు చూసుకుంటాడు."

నవ్వుతూనే చెప్పింది. నేను ఒక చీర మడత పెట్టి ఇచ్చి వచ్చేశాను. నాకు ఎదురు మాట్లాడటం తొందరగా రాదు. చూస్తాను, విని పెట్టుకుంటాను. మాట వచ్చేసరికి ఎదుటివాళ్లు వెళ్లిపోయి ఉంటారు.

ఆ పుస్తకం దొరికింది ఆ వారంలోనే. మా పంచాయతీ లైబ్రరీ సాయంత్రం రెండు గంటలే తెరుస్తారు. అక్కడుండే వళ్లి అక్క ఒక కొత్త పుస్తకం నా చేతిలో పెట్టి, "కోయంబత్తూరులో అందరూ దీన్నే చదువుతుండారంట. ఇక్కడ ఎవరూ ముట్టలేదు. చెదలు చదివే లోపల నువ్వు చదువు," అంది. లోకం మన అంచనాకు ఎలా అందదో, అందనప్పుడు మన బుర్ర కారణాలను ఎలా అల్లుకుంటుందో చెప్పే పుస్తకం. ఎవరో విదేశీయుడు రాసింది, అరవంలోకి మార్చారు. నేను చదువుకున్నది అరవం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. కళ్లు అరవం చదువుతుంటే లోపల అది మా ఇంటి తెలుగుగా మారుతుంది. అందువల్ల ఆ పండితుడు నాకు సగం మా అవ్వ గొంతుతోనే మాట్లాడాడు.

మొదటి అధ్యాయాలు కొంచెం కష్టమే. ఒకచోట గుమ్మడికాయల కథ వచ్చింది. ఏదో దేశంలో ఏటేటా గుమ్మడికాయల పోటీ పెడతారు. గెలిచిన రైతు దగ్గరకు పేపరు ఫోటోగ్రాఫరు వచ్చి కాయను ఫోటో తీస్తాడు. మరుసటి ఏడు ఆ రైతు కాయ చిన్నదవుతుంది. ఇది చాలాసార్లు జరిగేసరికి ఊళ్లోవాళ్లు ఫోటోగ్రాఫరును తరిమేశారు. రాసినాయన ఒక్కటే అడుగుతాడు: ఫోటోగ్రాఫరు ఎప్పుడు వస్తాడు? కాయ అన్నిటికన్నా పెద్దదైన ఏడే కదా. అన్నిటికన్నా పెద్దదాని తరువాత వచ్చేది చిన్నది కాక ఇంకేమవుతుంది?

ఆ పేజీ మూడుసార్లు చదివి పుస్తకాన్ని ఒళ్లో బోర్లించుకున్నాను.

పెద్దమ్మ ముక్కు మీద వేలేసుకున్నది ఏ రోజు? తొమ్మిది లీటర్ల రోజు. ఆరు లీటర్ల బకెట్టు చూసి ఎవరు మెచ్చుకుంటారు? అవ్వ ఉప్పు తిప్పింది ఏ రోజు? పాలు అడుగుకు పోయిన రోజు. అక్కడి నుంచి పాలు ఎటు పోతాయి?

మరుసటి రోజు పాల సొసైటీ చీటీలన్నీ తీశాను. అవ్వ వాటిని పారేయనివ్వదు, కమ్మీకి గుచ్చి ఉంచుతుంది. ఏడాదిలో పాలు ఒక్కసారిగా లీటరుకు పైగా పడిపోయిన రోజులు ముప్ఫై ఎనిమిది. ఆ ఏడాదిలో రెండు నెలలు పెద్దమ్మ కాలు విరిగి మంచం మీదే ఉంది. ఆ రెండు నెలల్లోనే ఏడుసార్లు పడిపోయాయి. చీటీలు పట్టుకుని అవ్వ ముందు కూర్చున్నాను. చిన్న ఉల్లిపాయలు వలుస్తూ అంతా విని, అవ్వ ఒక్క ముక్కలో తేల్చేసింది.

"మంచం కిటికీ పక్కన ఉండాది కదా. ఆవు వీధిలో పోయేటప్పుడు చూసుంటాది."

"నువ్వు చూస్తివా అవ్వా?"

"చూసేది ఎందుకు? బకెట్టు ఎత్తితే చాలు. అది చూసిందా లేదా నా చెయ్యే చెప్తాది."

నాయన అరుగు మీద నుంచి నవ్వాడు. "ఈ పిల్ల పుస్తకం చదివి మన ఇంటి లెక్కలు తిరగరాస్తుండాది."

మామూలుగా అయితే నేను అక్కడే లేచి పోయేదాన్ని. కానీ పుస్తకంలో ఒక మాట ఉంది: జరిగిపోయిన దానికి కారణం ఎవరైనా చెప్తారు, జరగబోయేదాన్ని ముందే చెప్పమని కాగితం మీద రాయించు.

"రోజూ చెప్తావా అవ్వా?"

"ఏమి?"

"బకెట్టు ఎత్తి, ముందురోజు పెద్దమ్మ ఆవును చూసిందో లేదో. రోజూ."

"రోజూ చెప్తాను. నాకేమి భయమా?"

"ఏ రోజు చూడాలో నేను చెప్పను, నువ్వు చెప్పొద్దు. పువ్వు చెప్పనీ."

ఉల్లిపాయ వలిచే చెయ్యి ఆగింది. మా ఇంట్లో పెద్ద పనేదైనా పువ్వు అడగకుండా జరగదు. తెల్ల పువ్వునూ ఎర్ర పువ్వునూ వేరువేరు ఆకుల్లో చుట్టి మారియమ్మ పటం ముందు పెట్టి, ఒకటి తీస్తారు. తెల్లదైతే చెయ్యాలి, ఎర్రదైతే వద్దు. బావి తవ్వింది అలాగే, నాయన పెళ్లి కుదిరింది అలాగే. పువ్వు అబద్ధం చెప్పదని అవ్వ నమ్మకం.

"ఆడి నెల," అంది అవ్వ నెమ్మదిగా. "అమ్మవారి నెల. సరి, అడుగు. తెల్లదైతే అది పోయి చూడనీ. నా ఆవు నాలుగు రోజులు తక్కువిచ్చినా పరవాలే, మీ కండ్లు తెరుచుకుంటాయి."

అప్పుడే అన్నీ మాట్లాడుకున్నాం. ఆడి మూడు నుంచి ఇరవై ఆరు దాకా, ఇరవై నాలుగు రోజులు. ఊరికే గుడ్డిగా చెప్పినా పన్నెండు దాకా సరిపోతాయి. అందుకని పద్దెనిమిది సరిగ్గా చెప్తే అవ్వ గెలిచినట్టు. అప్పుడు పెద్దమ్మ ఊసు నేను మళ్లీ ఎత్తను. తక్కువైతే పెద్దమ్మ ఈ ఇంటికి వచ్చి పోవచ్చు, అవ్వ అడ్డు చెప్పదు.

"పద్దెనిమిదేమి, ఇరవై నాలుగూ చెప్తాను," అంది అవ్వ.

పెద్దమ్మను ఒప్పించడమే కష్టమయింది. "ఆర్డరు మీద దిష్టి పెట్టాలా నేను?" అని కడుపు పట్టుకుని నవ్వింది. తరువాత కళ్లు తుడుచుకుని, "పోయేదాన్ని ఎట్లాగూ పోతాను. పోయే ముందు నా ఒంట్లో నిజంగా అట్లాంటిది ఉండాదేమో నేనూ చూసుకోవాలి," అంది. ఇన్నేళ్లలో ఆమెకే ఆ అనుమానం పట్టుకుందని నాకు అప్పుడు తెలిసింది.

రోజూ సాయంత్రం సింగారిని కాలువ గట్టుకు తోలుకుపోయేటప్పుడు పెద్దమ్మ ఇంట్లో ఆగేదాన్ని. ఆమె తెల్ల గన్నేరునూ ఎర్ర గన్నేరునూ అరిటాకు ముక్కల్లో చుట్టి పటం ముందు పెట్టేది, నేను ఒకటి తీసేదాన్ని. తెల్లదొస్తే గట్టు దాకా వచ్చి, ఆవు ఎదురుగా నిలబడి, కళ్లు పెద్దవి చేసుకుని మెచ్చుకునేది.

"సింగారీ, ఏమి పొదుగే నీది, నిండు కుండ! ఏమి తోక! నీ కొమ్ములు... ఏమే పాపా, దీనికి కొమ్ములు లేవు కదా?"

"ఉన్నవాటినే పొగుడు పెద్దమ్మా."

ఎర్రదొస్తే ఆమె తలుపు మూసుకుని లోపలే ఉండేది. ఏ పువ్వొచ్చిందో చీటీ మీద తేదీ వేసి రాసి, పాల సొసైటీలో పెట్టిన రేకుడబ్బాలో వేసేదాన్ని. దాని తాళంచెవి సొసైటీ సెక్రటరీ గోకులకృష్ణన్ అన్న దగ్గర ఉండేది.

ఆ రోజుల్లో నేను పాలు పిండలేదు. నేను పిండితే రెండు చుక్కలు పొదుగులోనే వదిలేశానని అవ్వ అనవచ్చు. అనకపోయినా, నా చెయ్యి నాకు తెలియకుండానే ఆ పని చెయ్యవచ్చు. నాయన పిండేవాడు. అవ్వ బకెట్టు ఎత్తే సమయానికి నేను వాకిట్లో చీపురు పట్టుకుని ఉండేదాన్ని. మొదటి రోజు అవ్వ బకెట్టు కన్నా ఎక్కువగా నా మొహం చూసింది. ఆ తరువాత ఆమెకు నా వీపే కనిపించేట్టు చూసుకున్నాను. "చూసింది" అనో, "చూడలే" అనో అవ్వ అంటే నాయన ముందురోజు క్యాలెండరు కాగితం చింపి వెనక రాసి, లీటర్లు కూడా వేసి దాచేవాడు.

రెండో వారంలో వరసగా ఐదు తెల్ల పూలొచ్చాయి. ఆరో రోజు పెద్దమ్మ స్టవ్ మీద కాఫీ పెట్టేసింది. "ఈ రోజు ఎర్రదే వస్తాది, నిదానంగా కూర్చో."

ఆకు విప్పితే తెల్లదే.

"ఇదేమి న్యాయమే! ఎన్నిసార్లని పొగిడేది, మాటలు అయిపోయినాయి."

"నిన్న ఏది వచ్చిందో పువ్వుకు గుర్తుండదు పెద్దమ్మా."

చెప్పాను కానీ నాకే భయం పట్టుకుంది. తక్కువ రోజుల్లో ఏమైనా జరగవచ్చని ఆ పుస్తకమే చెప్పింది. అవ్వ చేతికి ఏ శక్తీ లేకపోయినా అదృష్టం కలిసొచ్చి పద్దెనిమిది చెప్పేయవచ్చు. అప్పుడు ఎవరికి ఏమని చెప్పేది? ఇనప్పెట్టె అప్పటికే తాళం వేసి గోడ పక్కన నిలబెట్టి ఉంది. పైన బస్సు ప్రయాణానికి కొన్న కొత్త నీళ్ల సీసా. దాన్ని చూడకుండా ఉండటానికి నేను కిటికీ వైపు కూర్చునేదాన్ని.

ఆడి ఇరవై ఏడు పొద్దున గోకులకృష్ణన్ అన్న రేకుడబ్బా తీసుకుని మా ఇంటికి వచ్చాడు. సొసైటీ ఎన్నికల లెక్కింపుకు వచ్చినట్టు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అమ్మ మొదటి షిఫ్టుకు పోయింది. అవ్వ నడిమింట్లో గోడకానుకుని కూర్చుంది. పెద్దమ్మ వీధిలోనే నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆమె కూడా గడప వైపు అడుగు వెయ్యలేదు.

నాయన క్యాలెండరు కాగితం చదివేవాడు, అన్న చీటీ విప్పేవాడు.

"ఆడి మూడు. చూసింది."

"తెల్ల పువ్వు. సరి."

"నాలుగు. చూడలే."

"ఎర్ర పువ్వు. సరి."

"ఐదు. చూసింది."

"తెల్ల. సరి."

అవ్వ తమలపాకుకు సున్నం రాసుకుంది. ఆరో తేదీ తప్పు. ఏడు సరి, ఎనిమిది సరి. ఆరింటికి ఐదు. నాయన నా వైపు చూసి, చప్పున కాగితాల్లోకి తల దించుకున్నాడు. వీధిలో పెద్దమ్మ కొంగు భుజం మీదికి లాక్కుంది.

"తొమ్మిది. చూసింది."

"ఎర్ర. తప్పు."

"పది. చూడలే."

"తెల్ల. తప్పు."

"పదకొండు. చూడలే."

"తెల్ల. తప్పవ్వా."

"తప్పని చెప్తివి కదా, అవ్వను ఎందుకు కలుపుతావు?" అంది అవ్వ.

పన్నెండు తప్పు. పదమూడు తప్పు. వరసగా ఆరు తెల్ల పూలొచ్చిన రోజుల్లో నాలుగు రోజులు అవ్వ "చూడలే" అని చెప్పింది. ఆ పొద్దుల్లో పాలు ఎక్కువే వచ్చాయి మరి. ఇరవయ్యో తేదీ దాటేసరికి ఆకు ఆమె చేతిలోనే ఉండిపోయింది, నోట్లో పెట్టుకోలేదు. చివరి చీటీ విప్పి అన్న టిక్కులన్నీ రెండుసార్లు లెక్కపెట్టాడు.

"ఇరవై నాలుగుకు పదకొండు."

"ఇంకోసారి చదువు," అంది అవ్వ.

మొదటి నుంచి మళ్లీ చదివారు. పదకొండే.

అప్పుడు వీధిలో నుంచి పెద్దమ్మ నవ్వు వినిపించింది. అంత గట్టిగా ఆమె నవ్వడం నేను విని చాలా ఏళ్లయింది. ఎదురింటి కోళ్లు రెక్కలు కొట్టుకుని గోడెక్కాయి. గోకులకృష్ణన్ అన్న ఊరుకోకుండా ఫోనులో లీటర్లు కూడి, "ఇంకొకటి చూడండి! అక్క చూసిన రోజులకు సగటు ఏడు. చూడని రోజులకు ఆరు పాయింట్ తొమ్మిది," అన్నాడు.

"వింటివా మరిదీ!" పెద్దమ్మ గొంతు పైకి లేచింది. "నా కన్ను పడితే పాలు ఎక్కువయితాయంట! ఇంక ఊరూరికీ నన్ను బండిలో పిలుచుకుపోండి, ఒట్టన్‌చత్రం దాకా పోయి చూసొస్తాను!"

"లేదు పెద్దమ్మా," అన్నాను నేను. "అది కూడా ఊరికే. నీ కన్నుతో పెరిగేదీ లేదు, తగ్గేదీ లేదు."

"పోవే! పద్దెనిమిదేండ్లకు ఒక మంచి పేరు వస్తే అది కూడా పీకేస్తివి." నవ్వుతూనే కొంగుతో మొహమంతా తుడుచుకుంది. "పొయ్యి మీద అన్నం పెట్టి వస్తిని, మాడిపోతాది," అని వెనక్కి తిరిగి పోయింది. అన్న కూడా డబ్బా చంకలో పెట్టుకుని లేచాడు. "మీ ఆవు కథ సొసైటీ మీటింగులో చెప్తాను," అని పోతూపోతూ నా భుజం తట్టాడు.

ఇంట్లో మేము ముగ్గురమే మిగిలాము. నాయన కాగితాలు సర్దుతున్నాడు. అవ్వ చేతిలోని ఆకు పక్కన పెట్టింది. తరువాత నా వైపు కాకుండా, ఎదురుగోడ వైపు చూస్తూ అంది.

"ఆ పొద్దున నా పెద్దోడు బండి తీస్తుంటే అది వాకిట్లో నిలబడి చెప్పింది. ఈ నీలం చొక్కాలో పెండ్లికొడుకు మాదిరి ఉండావని. నా చెవులతో విన్నాను. పొద్దు గూకే లోపల..."

ఈ మాట అవ్వ ఎవరితోనూ ఎప్పుడూ చెప్పలేదు. నాయన చేతిలో కాగితాలు ఆగిపోయాయి. పద్దెనిమిదేళ్లుగా ఆమె బకెట్టులో చూస్తున్నది పాలను కాదని నాకు అర్థమయింది. ఈసారి మాట ఆలస్యం కాకూడదనుకున్నాను.

"అవ్వా, పెండ్లయి ఎన్నేండ్లు కాపురం చేసినారు వాళ్లు?"

"ఏడు."

"ఆ ఏడేండ్లలో పెద్దమ్మ ఆ మాట ఎన్ని పొద్దుల్లో చెప్పి ఉంటాది? చొక్కా బాగుండాది, మీసం బాగుండాది అని?"

అవ్వ పెదవుల్లో చిన్న కదలిక. "రోజూ చెప్తా ఉండేది. సిగ్గులేదు దానికి."

"రోజూ చెప్పినాక రోజూ పెద్దనాన్న తిరిగొచ్చినాడు కదా అవ్వా. అన్ని సాయంత్రాలు. వాటిని ఎవరూ రాసిపెట్టలేదు, అంతే."

అవ్వ కళ్లు మూసుకుంది. ఏడుస్తుందేమోనని నాయన లేవబోయాడు, నేను చేత్తో ఆపాను. ఆమె ఏడవలేదు. పెదవులు నెమ్మదిగా కదులుతున్నాయి. లెక్కపెడుతున్నట్టుంది, ఆ సాయంత్రాలను ఒక్కొక్కటిగా వెనక్కి పిలిచి చూసుకుంటున్నట్టుంది. జాతరలో అమ్మవారి తేరు కదిలేటప్పుడు జనం అరిచే అరుపు నోటిదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేశాను.

కొంతసేపటికి అవ్వ కళ్లు తెరిచింది. గోడ పట్టుకుని లేచింది. విడిపోయిన జుట్టును ముడి వేసుకుంది. పెట్టెలో నుంచి ఉతికిన మంచి చీర తీసి, లోపలికి పోయి కట్టుకుని వచ్చింది. మోకాళ్లు నొప్పని కాలువ గట్టుకు కూడా రాని మనిషి, నాయన అందించిన చెయ్యి పట్టుకోకుండా మూడు మెట్లూ దిగింది. చెప్పులు వేసుకుంది. పెద్దమ్మ ఉండే మూడో ఇంటి వైపు నడిచింది.